గానుగెద్దుల్లా తిరిగే కార్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (భీమవరం దగ్గర పల్లె నుంచి ఒక రైతు): మా అబ్బాయి అమెరికాలో షార్లెట్‌లో ఉంటాడండి. మే నెలలో మేం వెళ్తే నెలాఖరు ఆదివారం సాయంత్రం కార్ల రేసుకి తీసుకెళ్లాడు. ఓ నలభై కార్లు, గుండ్రంగా తిరగడం, అంతే. చెవుల్లో దూది పెట్టుకున్నా ఆ మోత ఆగలేదు. రెండు గంటలు చూసి కూర్చున్నచోటే కునుకు తీశాను, వాడికి కోపం వచ్చి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. గానుగెద్దులా తిరిగేదాంట్లో చూడ్డానికి ఏముందండీ?

జవాబు: ముందు మీ అబ్బాయిని నాలుగు మాటలంటాను, ఏమీ అనుకోకండి. షార్లెట్‌లో మే నెలాఖరు ఆదివారం అంటే మీరు చూసింది కోకాకోలా 600 అయ్యుంటుంది, నాస్కార్ అని అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ ఉంది, వాళ్ల రేసులన్నిట్లోకీ పొడుగైంది అదే, 600 మైళ్లు, మైలున్నర ట్రాక్ మీద 400 చుట్లు. మన లెక్కలో 965 కిలోమీటర్లు, అంటే భీమవరం నుంచి హైదరాబాద్ వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగిలిపోతుంది. మొట్టమొదటిసారి చూసేవాణ్ణి తీసుకెళ్లి దాని ముందు కూర్చోబెడితే నిద్ర రాక ఏం వస్తుంది చెప్పండి, తప్పు మీది కాదు.

ఇక గానుగెద్దు సంగతి. ఆ పోలిక వదిలేసి బంతి తోలడం గుర్తు తెచ్చుకోండి, మీరు రైతు కాబట్టి నాకన్నా బాగా తెలుసు. కళ్లంలో ఎడ్లని వరసగా కట్టి తోలుతుంటే లోపలి ఎద్దు ఉన్నచోటే తిరుగుతున్నట్టుంటుంది, చివరిది మాత్రం ఉరకాలి, అందుకే ముసలిదాన్ని లోపల కట్టి పడుచు గిత్తని చివర కట్టేవాళ్లు. ఆ ట్రాక్ మీద గొడవంతా ఇదేనండి. లోపలివైపు దూరం తక్కువ కానీ మలుపు బిగువు, వేగం చంపుకోవాలి. బయటివైపు దూరం ఎక్కువ కానీ వేగం తగ్గక్కర్లేదు. టైర్లు కొత్తగా ఉన్నప్పుడు ఒక దారి బాగుంటుంది, అరిగాక ఇంకోటి, పైగా మీరు చూసిన రేసు ఎండ ఉండగా మొదలై లైట్ల కింద ముగుస్తుంది కాబట్టి నేల చల్లబడేకొద్దీ టైర్ల పట్టు కూడా మారిపోతుంది, సాయంత్రం దూసుకుపోయిన కారు రాత్రయ్యేసరికి వెనకబడిపోవచ్చు. అంచేత ముందున్నవాణ్ణి చూస్తూ కూర్చోకండి, మధ్యలో ఎక్కడో పదిహేనో స్థానంలో ఉన్నవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని వాడు మలుపులో పైకి జరుగుతున్నాడా కిందకి దిగుతున్నాడా అని చూడండి, నిద్ర రాదు.

రేసు మధ్యలో కారు పక్కకి ఆపే పిట్ స్టాప్ కూడా వదలకండి. గోడ దూకి వచ్చేది ఐదుగురే, నాలుగు టైర్లు మార్చి పెట్రోలు పోసి పంపడానికి పది సెకన్లు అటూ ఇటూ. 2022 ముందు చక్రానికి ఐదు నట్లు ఉండేవి, ఇప్పుడు మధ్యలో ఒక్కటే. మా వీధి చివర పంక్చర్ షాపు కుర్రాడికి జాకీ ఎక్కడ పెట్టాడో గుర్తొచ్చేసరికే అంతకి పదింతలు పడుతుంది. ఇంకోసారి వెళ్తే దూది వద్దు, స్కానర్ అని హెడ్‌ఫోన్ సెట్టు అద్దెకిస్తారు, చెవులకి చెవులూ దక్కుతాయి, డ్రైవరుకీ వాళ్ల టీముకీ మధ్య మాటలూ వినబడతాయి. మేడ మీద నిలబడి "నీ పక్కన ఒకడున్నాడు, అయిపోయాడు, ఖాళీ" అని చెప్పే స్పాటర్ ఒకడుంటాడు, వాడి గొంతు వింటే చాలు ఎక్కడ ఏం జరుగుతోందో తెలిసిపోతుంది.

ప్రశ్న (పాలకొల్లు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు): టీవీలో చూస్తే ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు అతుక్కుని వెళ్తున్నాయి, అంత దగ్గరగా ఎందుకు సార్, విడిగా వెళ్తే ఫాస్ట్‌గా వెళ్లొచ్చు కదా?

జవాబు: అదే తమాషా బాబూ, విడిగా వెళ్తే వెళ్లలేరు. నాకు పద్నాలుగేళ్లప్పుడు కాలవగట్టు మీద ధాన్యం ట్రాక్టరు తొట్టి వెనకాలే సైకిలు తొక్కేవాణ్ణి, ఎదురుగాలి ఒక్క ముక్క తగిలేది కాదు, పెడల్ వెయ్యకపోయినా వెళ్లిపోతున్నట్టే ఉండేది. లాకుల దగ్గర ట్రాక్టరు ఆగింది, నేను ఆగలేదు. గడ్డం కింద కుట్లు ఇప్పటికీ ఉన్నాయి, అద్దం చూసుకున్నప్పుడల్లా కనబడతాయి కాబట్టి నువ్వు మాత్రం చెయ్యకు.

ఆ గాలిచాటునే వాళ్లు డ్రాఫ్టింగ్ అంటారు. వెనకవాడికి లాభం సరే, ముందువాడికీ లాభమే, ఎందుకంటే ఒంటరి కారు వెనకాల గాలి సుళ్లు తిరిగి దాన్ని వెనక్కి లాగుతుంటుంది, తోకకి ఇంకో కారు ఆనుకుంటే ఆ లాగుడు తగ్గుతుంది. అందుకే రెండు కార్లు కలిసి వెళ్తే ఒక్కదానికన్నా స్పీడు. దీన్ని పట్టుకున్నవాడిగా జూనియర్ జాన్సన్ పేరు చెప్తారు. 1960లో ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్ మీద జరిగే డేటోనా 500 అనే పెద్ద రేసుకి వాడి కారు మిగతావాటి కన్నా నెమ్మది, ప్రాక్టీసులో పెద్ద కారు ఒకటి దాటుతుంటే దాని తోక పట్టుకుని చూశాడు, తనదీ అంతే వేగంగా వెళ్లింది, ఆ కిటుకుతో రేసే కొట్టేశాడు.

గుంపులుగా వెళ్లడానికి ఇంకో కారణం ఉంది. 1987లో టాలడేగా అనే ఇంకో పెద్ద ట్రాక్‌లో బిల్ ఎలియట్ అనే డ్రైవరు క్వాలిఫైయింగ్‌లో, అంటే రేసుకి ముందు ఎవరు ఏ స్థానంలో నిలబడాలో తేల్చే పరుగులో, గంటకి 212.809 మైళ్లు కొట్టాడు, 342 కిలోమీటర్లు పైమాటే. అదే వారాంతం రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పేలి గాల్లోకి లేచి జనం ముందున్న కంచెని చింపేసింది. ఆ తర్వాత ఏడాది నుంచి డేటోనా, టాలడేగా రెండు చోట్లా ఇంజిన్‌కి వెళ్లే గాలిని తగ్గించి పీక నొక్కారు. అందరి బలమూ ఒకటే అయిపోతే ఎవడూ ఒంటరిగా తప్పించుకుపోలేడు, అంతా కలిసే తిరగాలి, ఒకడు తూలితే ఇరవై కార్లు కుప్పకూలతాయి. వేగం తగ్గిస్తే భయం తగ్గుతుందనుకున్నారు గానీ ఈ గుంపు ఒక కొత్త భయం తెచ్చిపెట్టింది, అది నాకు అంత నచ్చదు.

ప్రశ్న (అమలాపురం, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం): మలుపుల్లో ట్రాక్ అంత వాలుగా ఎందుకు? ఎప్పుడూ ఎడమకేనా తిరిగేది?

జవాబు: తీర్థంలో నూతిలో మోటారు సైకిలు, మారుతి కారు తోలే ఆట చూశావా? ఆ చెక్క గోడకి, ఈ ట్రాక్‌కి మేనరికం అనుకో. డేటోనా మలుపుల్లో వాలు 31 డిగ్రీలు, అంటే అడ్డంగా పదడుగులు వెళ్తే ఆరడుగులు ఎత్తు. మీ పాత పెంకుటిల్లు ఉంటే దాని కప్పు చూడు, దాదాపు అంతే. టీవీలో చదునుగా కనబడుతుంది గానీ అక్కడ మనిషి నడిచి పైకి ఎక్కాలంటే చేతులు నేలకి ఆనించాల్సిందే.

లెక్క నువ్వే వెయ్యి, మలుపు వ్యాసార్థం వెయ్యడుగులు అనుకుంటే టైరు పట్టుతో పని లేకుండా ఒక్క వాలే కారుని తిప్పగలిగే వేగం గంటకి 150 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. వాళ్లు వెళ్లేది 300. ఆ మిగతాదంతా టైర్లూ, గాలి కారుని కిందకి నొక్కే బలమూ మొయ్యాలి. ఓవల్ మీద, అంటే ఇలా కోలగా చుట్టు తిరిగే ట్రాక్ మీద, ఎప్పుడూ ఎడమకే, అందుకే ఎడమ టైరూ కుడి టైరూ ఒకటి కాదు, కుడివైపు వాటి చుట్టుకొలత కాస్త ఎక్కువ. టీ కొట్లో పేపర్ గ్లాసుని బల్ల మీద దొర్లించి చూడు, తిన్నగా పోదు, మూతి పెద్దది కాబట్టి అడుగువైపుకి చుట్టు తిరుగుతుంది. కారు కూడా దానంతటదే ఎడమకి పోవాలని చూస్తుంది.

ప్రశ్న (ఆకివీడు నుంచి ఒక చెరువుల రైతు): చేపల చెరువు కోసం రేసు ట్రాక్‌ని వంకర పెట్టారని మా మేనల్లుడు చెప్తున్నాడు. చెరువులోళ్లమని ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నా. నిజమేనాండీ?

జవాబు: ఆయ్, నిజమేనండీ. సౌత్ కరొలైనాలో డార్లింగ్టన్ అని ఊరు. హెరాల్డ్ బ్రాసింగ్టన్ అనే ఆయన రేసు ట్రాక్ కడదామని షెర్మన్ రామ్సే అనే ఆయన పొలం తీసుకున్నాడు. ఆ పొలంలో ఒక పక్కన ఎరకి వాడే బుల్లి చేపల చెరువు ఉంది, మన పరిగెల్లాంటివి అనుకోండి. భూమి ఇస్తాను గానీ చెరువు జోలికి మాత్రం రావద్దన్నాడు రామ్సే. పూడ్చడానికి లేదు కాబట్టి ఆ కొసని లోపలికి నొక్కి కట్టారు, ట్రాక్ కాస్తా కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది, ఒక కొస వెడల్పు, ఒక కొస బిగువు. ఇప్పటికీ అలాగే ఉంది.

ఈ వంకర వల్ల ఏమైందంటే ఒక కొసకి కారు సరిగ్గా కుదిర్చితే రెండో కొసలో కుదరదు, రెండో దానికి కుదిర్చితే మొదటిది చెడుతుంది. వేగం పోగొట్టుకోకుండా తిరగాలంటే గోడ అంచునే వెళ్లాలి, వెళ్తూ వెళ్తూ కారు కుడిపక్క రంగంతా గోడకి గీరుకుపోతుంది, దాన్ని డార్లింగ్టన్ చార అని ముద్దుగా పిలుచుకుంటారు. 1950లో అక్కడ మొదటి 500 మైళ్ల రేసుకి 75 కార్లు దిగాయి, ఆరు గంటలు దాటి సాగింది, వేగంగా పోయినవాళ్ల టైర్లన్నీ టపటపా పేలిపోతుంటే జానీ మాంట్జ్ అనే ఆయన తక్కువ వేగం ప్లిమత్ కారుకి గట్టి టైర్లు వేసుకుని తాపీగా తిరిగి గెలిచాడు. మీ చెరువుల భాషలో చెప్పాలంటే మేత దండిగా వేసినవాడు కాదు, నీళ్లు చూసుకున్నవాడు పట్టుబడి తీశాడు.

ఇంకోటి కూడా చెప్తాను, మీకు నచ్చుతుంది. 1959లో తెరిచిన డేటోనా ట్రాక్‌కి ఆ ఎత్తైన మలుపులకి మట్టి ఎక్కడిదంటే ట్రాక్ మధ్యలోనే తవ్వారు, అక్కడ నీటిమట్టం పైకే ఉండటంతో గొయ్యి నిండి పెద్ద చెరువైపోయింది, ఇప్పటికీ ఉంది, లేక్ లాయిడ్ అంటారు. చెరువు తవ్వి గట్టు వెయ్యడం మనకి కొత్తా చెప్పండి, కాకపోతే మనం గట్టు మీద కొబ్బరి మొక్కలు వేస్తాం, వాళ్లు కార్లు తోలుతున్నారు.

ప్రశ్న (తణుకు నుంచి ఒక గృహిణి): నాలుగు చినుకులు పడితే రేసు ఆపేస్తారంట, మన ఆటోవాళ్లు తుఫాన్లో కూడా తోలతారు కదండీ?

జవాబు: ఆటో టైరుకి గాళ్లు ఉంటాయమ్మా, వాటిల్లోంచి నీళ్లు బయటకి పోతాయి. ఆ కార్ల టైరు నున్నగా గుండులా ఉంటుంది, తడి మీద పడితే బురదలో అరిటిపండు తొక్క. ఈ మధ్య చిన్న ఓవల్స్ మీద తడికి వేరే టైర్లు వాడుతున్నారు గానీ డేటోనా లాంటి పెద్దవాటి మీద ఆరాల్సిందే. ఆరబెట్టడానికి జెట్ ఇంజిన్ బిగించిన బండ్లు తిప్పేవాళ్లు. 2012 డేటోనా 500లో హువాన్ పాబ్లో మొంటోయా కారు అదుపు తప్పి సరిగ్గా అలాంటి బండినే గుద్దింది, విమాన ఇంధనం ట్రాక్ మీద పారి మంటలు లేచాయి, మొంటోయా, ఆ బండి డ్రైవరు ఇద్దరూ బయటపడ్డారు లెండి. మంటలార్పాక నేల కడగడానికి ఏం వాడారనుకున్నారు, బట్టలుతుక్కునే టైడ్ పౌడరు.

ప్రశ్న (నరసాపురం): నాస్కార్‌ని సారా కాసేవాళ్లు పెట్టారంట కదా?

జవాబు: పెట్టింది బిల్ ఫ్రాన్స్, 1948లో, ఆయన గ్యారేజీ మనిషి. కానీ డ్రైవర్లలో సారా బండ్లు తోలినవాళ్లు ఉన్నారు. పైకి మామూలు కారు, లోపల ఇంజిన్ వేరు, సరుకు బరువుకి వెనక కుంగకుండా స్ప్రింగులు వేరు, రాత్రి పూట లైట్లార్పి కొండదారుల్లో ఎక్సైజువాళ్లని తప్పించుకోవాలి, అంతకన్నా మంచి డ్రైవింగ్ స్కూలు ఎక్కడుంటుంది. 1949 జూన్ 19న షార్లెట్‌లో షోరూమ్ కార్లకని పెట్టిన మొదటి రేసులో గ్లెన్ డనవే అనే ఆయన ముందొచ్చాడు, తీరా కారు కింద చూస్తే సారా మోసే బండి స్ప్రింగులు, గెలుపు తీసేసి జిమ్ రోపర్‌కి ఇచ్చారు. పైన చెప్పిన జూనియర్ జాన్సన్ కూడా ఆ బాపతే. రోడ్డు మీద ఒక్కసారీ దొరకనివాడు 1956లో వాళ్ల నాన్న బట్టీ దగ్గర దొరికి జైలుకెళ్లాడు.

ప్రశ్న (పేరు వద్దన్నారు): దీని మీద పందేలు కాస్తారా సార్?

జవాబు: సంక్రాంతికి బరిలో పోగొట్టుకున్నది సరిపోలేదా నాయనా.

ప్రశ్న (రాజోలు): మనవాళ్లెవరైనా ఆ రేసుల్లో తోలారా? మన డెల్టాలో అలాంటి ట్రాక్ కట్టొచ్చా?

జవాబు: తోలారు. మన తమిళనాడు కుర్రాడు నరైన్ కార్తికేయన్ 2010లో నాస్కార్ వాళ్ల పికప్ ట్రక్కుల రేసుల సిరీస్‌లో దిగాడు, మొదటి రేసు మార్టిన్స్‌విల్‌లో, అది అర మైలు పైన కాస్త ఉండే బుల్లి ట్రాక్. ఆ ఏడాది ఆ సిరీస్‌లో అందరికీ ఇష్టమైన డ్రైవరుగా ఓట్లు వేసి ఎన్నుకున్నారు కూడా.

ట్రాక్ అంటారా, హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది గానీ అది మామూలు రోడ్ల మీద, ఓవల్ కాదు. డెల్టాలో కట్టాలంటే ముందు మన నల్లమట్టి ఒప్పుకోవాలి, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీట, వానాకాలం ఉబ్బు, మా వీధి సిమెంటు రోడ్డే మూడేళ్లకి కెరటాల్లా తయారైంది, స్కూటరు మీద వెళ్తే పడవెక్కినట్టుంటుంది. ఏదోలా మట్టిని ఒప్పించినా డార్లింగ్టన్‌లో అడ్డం వచ్చింది ఒక్క చెరువండీ, భీమవరం నుంచి కైకలూరు దాకా ఒకసారి బస్సు కిటికీలోంచి చూడండి, ఎన్ని చెరువులకి ఎన్ని వంకర్లు పెట్టాలో. అది ఓవల్ అవ్వదు, జిలేబీ అవుతుంది.