గొట్టంలో ఎంత ఎత్తు లేస్తే అంత ప్రెషర్

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. పుట్టుకతో వెన్నులో గడ్డ ఉంటే పసితనంలోనే ఆపరేషన్ చేశారు. మూత్రం తనంతట తాను పోయలేడు. ఆరు గంటలకోసారి పైపు వేసి తీస్తున్నాం. బ్లాడర్ ప్రెషర్ ఇంట్లో చూసి రాసుకుని రమ్మన్నారు. చూపించారు గానీ ఇంటికొచ్చేసరికి సగం మర్చిపోయాం. మిషను కొనాలా?
— ఒక తల్లి, గోపాలపట్నం

జవాబు: మిషను అక్కర్లేదమ్మా. మూత్రాశయంలోని ఒత్తిడే మూత్రాన్ని గొట్టంలో పైకి నెడుతుంది. నిలువుగా పట్టుకున్న గొట్టంలో అది 25 సెంటీమీటర్లు లేచి ఆగితే ప్రెషర్ 25. దీన్ని బీపీ అంకెలతో పోల్చకండి. అది పాదరసం లెక్క, ఇది నీటి లెక్క. ఇక్కడి 40 అక్కడ 30 కూడా కాదు.

బాబుకు రోజూ వేసే పైపు, కొత్త యూరోబ్యాగ్ (గొట్టంతో వచ్చే మూత్రం సంచి) ఒకటి, టైలర్ టేపు, మి.లీ. గీతలున్న జగ్గు ఉంటే చాలు. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరికే మామూలు యూరోబ్యాగే. సంచి దగ్గర కత్తిరించి గొట్టం మాత్రం ఉంచుకోండి. దాని కొన పైపు వెడల్పు మూతిలో బిగుతుగా కూర్చుంటుంది. సంచి కోయకుండా కొలిస్తే కుదరదు. గొట్టం పైకొన గాలికి తెరిచి ఉండాలి.

బాబును వెల్లకిలా, తలకింద పల్చని దిండుతో పడుకోబెట్టండి. పొత్తికడుపు కిందికొసన చేతికి గట్టిగా తగిలే ఎముక ఉంటుంది. దాని పై అంచే మీ సున్నా. మేస్త్రీ రసమట్టంతో మట్టం చూసినట్టు, ఆ ఎత్తును పక్కనున్న గోడ మీదికి సరిగ్గా తెచ్చి, అక్కణ్నుంచి టేపు నిలువుగా అంటించండి. సున్నా ఐదు సెంటీమీటర్లు జారితే ప్రెషరూ ఐదు తప్పుతుంది.

సబ్బుతో చేతులు కడుక్కుని, గొట్టాన్ని ముందే పైపుకు తగిలించి, టేపు పక్కన నిలబెట్టి, అప్పుడు పైపు వేయండి. మూత్రం లేచి ఊపిరితో పాటు కొద్దిగా ఆడుతూ ఒకచోట నిలుస్తుంది. బాబు ఏడవకుండా, నవ్వకుండా ఉన్నప్పటి అంకె రాయండి. తర్వాత గొట్టం కొన జగ్గులోకి దించి 50 మి.లీ. తీయండి. గొట్టాన్ని నొక్కిపట్టి మళ్లీ పైకెత్తి, వేళ్లు వదలండి. ఒక్క నిమిషం ఆగి రెండో అంకె చూడండి. ఇంకో 50 తీసి మూడోది. చివర మిగిలిందంతా తీసి కొలిస్తే మొత్తం ఎన్ని మి.లీ. ఉందో తేలుతుంది. కొన జగ్గులోని మూత్రానికి తగలకూడదు, తగిలితే ఆ పూట కొలత ఆపేసి మొత్తం తీసేయండి.

అసలు సంగతి ఇక్కడుంది. ‘ప్రెషర్ 34’ అని ఒక్క అంకె రాసుకెళితే డాక్టరుకు పెద్దగా ఉపయోగం లేదు. ఎన్ని మి.లీ. ఉండగా 34 అన్నది కావాలి. ఉదాహరణకు 240 మి.లీ. దగ్గర 34, 190 దగ్గర 22, 140 దగ్గర 13 వచ్చాయనుకోండి. ఆరు గంటలకు 240 అంటే గంటకు 40 చొప్పున నిండుతోంది. 190 దాటకముందే తీయాలంటే నాలుగున్నర గంటలకోసారి వేయాలి. నాలుగుసార్లు కాస్తా ఐదారవుతుంది. ఏడేళ్ల పిల్లాడి మూత్రాశయంలో సుమారు 240 పట్టాలని పుస్తకాల లెక్క (వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తారు). పట్టడం వేరు, తక్కువ ఒత్తిడితో పట్టడం వేరు. మధ్యలో 30 దాటుతుంటే వేళలు మార్చడం గురించి అడగండి. కదలకుండా పడుకున్నా 40 దాటి నిలుస్తుంటే చెకప్ తేదీ దాకా ఆగకండి. అక్కడే కిడ్నీలకు ముప్పు.

తప్పులు రెండు రకాలు. గొట్టంలో గాలిబుడగలుంటే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, బుడగకు ఎత్తే గాని బరువు లేదు. పైపు కన్ను మూత్రాశయం గోడకు అతుక్కున్నా, జెల్లీ అడ్డుపడ్డా తక్కువ చూపిస్తుంది. ఊపిరికి, దగ్గుకు నీటిమట్టం ఆడకపోతే ఆ అంకె నమ్మకండి, పైపును కాస్త తిప్పి చూడండి. రెండు రోజులుగా విరేచనం కాకపోయినా అంకె పెరుగుతుంది. ఆక్సిబ్యుటినిన్ (మూత్రాశయం బిగుసుకోకుండా ఇచ్చే మందు) వాడుతుంటే మాత్ర వేసిన వేళ పక్కనే రాయండి. (ఆ మందుతో చెమట తగ్గుతుంది. విశాఖ మే నెల ఉక్కలో పిల్లాణ్ని ఎండలో ఆడనివ్వకండి.) రోజూ కొలవక్కర్లేదు, డాక్టరు వేరేలా చెప్పకపోతే వారానికి రెండు రోజులు చాలు.

ప్రశ్న: నాకు మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. కొలిచేటప్పుడు ఒక్కసారిగా తలపోటు, ముఖమంతా చెమట. ప్రెషర్ ఎక్కువై అలా అవుతోందా?
— గాజువాక పాఠకుడు

జవాబు: అవును, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఛాతీ వెనుక ఆరో వెన్నుపూస, ఆపైన దెబ్బతిన్నవారికి నిండిన మూత్రాశయమే బీపీని ప్రమాదకరంగా పెంచేస్తుంది. కొలత వెంటనే ఆపండి. గొట్టం దించి మూత్రం పూర్తిగా పోనివ్వండి. లేపి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, నడుం దగ్గర బట్టలు వదులు చేయమనండి. అప్పటికీ తలపోటు తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఇకపై యూరాలజిస్టు చెప్పేదాకా ఒంటరిగా కొలవకండి.

ప్రశ్న: మా నాన్నకు మధ్యమధ్య మూత్రం కారిపోయి పక్క తడుస్తోంది. కారిపోతోంది కాబట్టి లోపల ప్రెషర్ ఉండదు కదా?
— ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చాలామంది ఇలాగే అనుకుంటారు. ఎంత ఒత్తిడి దగ్గర కారుతోందన్నది ముఖ్యం. 15 దగ్గరే కారిపోతే పక్క తడిసినా కిడ్నీకి భయం తక్కువ. దారి బిగుసుకుపోయి 50 దాకా ఎక్కాక కారితే, కారేలోపు కిడ్నీలు ఆ భారం మోస్తూ ఉంటాయి. 40 అనే గీత 1981లో మెక్‌గ్వైర్ అనే యూరాలజిస్టు బృందం వెన్ను లోపమున్న పిల్లల మీద చేసిన పరిశీలన నుంచి వచ్చింది. కారడం మొదలైన వేళ చూసుకుని, అప్పుడు కొలిచి, అల్ట్రాసౌండుతో పాటు చూపించండి. తడవకూడదని నీళ్లు తగ్గించడం మాత్రం వద్దు. రాళ్లు, ఇన్ఫెక్షన్ తోడవుతాయి.

ప్రశ్న: ఇంట్లో 20 వస్తే, ఆసుపత్రి యూరోడైనమిక్స్‌లో (మూత్రాశయాన్ని నింపి ఒత్తిడి కొలిచే పరీక్ష) అంతే మూత్రానికి 38 చూపించారు. ఏది నిజం?
— పెందుర్తి పాఠకుడు

జవాబు: రెండూ. ఇంట్లో గంటకు 60 మి.లీ. లెక్కన మెల్లగా నిండేది, అక్కడ సెలైన్‌తో కొద్ది నిమిషాల్లోనే నింపుతారు. బిగుసుకున్న గోడకు సాగే వ్యవధి దొరకదు. పైగా వాళ్లు పురీషనాళంలో ఇంకో సన్నని గొట్టం పెట్టి కడుపు ఒత్తిడిని తీసేస్తారు, ఇంట్లో అది కలిసే ఉంటుంది. కాబట్టి ఇంటి కొలత ఆ పరీక్షకు బదులు కాదు. మూత్రాశయం ఎందుకు బిగుస్తోందో, దారి ఎప్పుడు మూసుకుంటోందో చెప్పగలిగేది అదే. మీ చీటీ తీసుకెళ్లి రిపోర్టు పక్కన పెట్టి చూపించండి. ప్రతి అంకె పక్కన మి.లీ., వేళ ఉండాలి.