ముందు జాబితా చూసుకో

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఓటరు కార్డు ఎప్పుడొస్తుందని అడుగుతున్నావట, మీ అమ్మ చెప్పింది. కార్డు సంగతి తర్వాత అమ్మలూ, ముందు జాబితాలో పేరు పడాలి. టీచరుగా ఎలక్షన్ డ్యూటీలు చేసినన్నాళ్లూ నేను ఎక్కువగా చూసిన గొడవ అదే. చేతిలో కార్డు ఉంటుంది, లిస్టులో పేరుండదు. కార్డు ఇంట్లో మర్చిపోతే ఆధార్ లాంటిది చూపించి ఓటు వేయొచ్చు. పేరు లేకపోతే పోలింగు బూతుకి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసరు కూడా ఏమీ చేయలేడు.

నువ్వు ఫారం 6, అంటే జాబితాలో కొత్తగా పేరు చేర్చమనే దరఖాస్తు, పెట్టుకో. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పటి నుంచి అర్హత. 17 దాటాయి కాబట్టి ఇప్పుడే దరఖాస్తు చేసుకోవచ్చు. హాస్టల్ పిల్లలు చదువుకునే చోటైనా, సొంతూళ్లోనైనా నమోదు చేసుకోవచ్చు. రెండు చోట్లా మాత్రం కుదరదు. నా మటుకు నేను ఊళ్లోనే పెట్టుకోమంటాను. పంచాయతీ ఓటర్ల జాబితా అసెంబ్లీ జాబితా నుంచే తీస్తారు. వార్డులో ఉండేదే కొన్ని వందల ఓట్లు, అక్కడ ఒక్క ఓటుకీ విలువ తెలుస్తుంది.

బస్సు ఖర్చంటావా? 2024 మే 13న రెండు రాష్ట్రాల్లోనూ ఒకేరోజు పోలింగు. హైదరాబాద్ నుంచి మనవాళ్లు బస్సుల్లో నిలబడి మరీ వచ్చారు. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. బూతు పక్క వీధిలోనే ఉన్నవాళ్లకి బద్ధకం!

నీ పేరు మీద ఎవరో ముందే వేసేశారని తెలిస్తే ఏడుపు ముఖంతో వెనక్కి రాకు. టెండర్డ్ ఓటు అడుగు, కాగితం బ్యాలెట్ ఇస్తారు. మిషన్ మీద నొక్కాక, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, చూసుకుని కదులు. నోటా, అంటే వీళ్లెవరూ వద్దనే మీట, నాకు అంతగా నచ్చదు. దానికే అందరికన్నా ఎక్కువ పడ్డా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు. ఇక డబ్బులు. ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ నేరమే. వద్దన్నవాళ్లని మన వీధిలో వెర్రివాళ్లంటారు, అననీ.

ఓటు వేశాక అయిదేళ్లు నోరు మూసుకోవాలని ఎక్కడా లేదు. సెలవులకి వచ్చినప్పుడు గ్రామసభ ఎప్పుడో కనుక్కో. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే. జనం రాకపోతే లెక్కలు చదివేశామని రాసుకుని లేచిపోతారు. స్కూలు పక్క మురుగుకాలవ గురించి నువ్వే లేచి అడుగు. చూద్దాంలే అంటే కూర్చోకు, తీర్మానాల పుస్తకంలో రాయించి, రాసింది చదివించుకున్నాకే ఇంటికి రా.

తాతయ్య