నర్సింగ్ చదివిన అమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, నేను స్కూల్ టీచర్ని. మా అమ్మాయి బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. ఇక ఆస్పత్రి రికార్డులన్నీ కంప్యూటర్లోనే కాబట్టి నర్సు ఉద్యోగం కంటే హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ (ఆస్పత్రి సమాచారాన్ని కంప్యూటర్లో నడిపే పని) కోర్సు మేలని ఒక సంస్థవాళ్లు చెప్తున్నారు. ఆరు నెలలు, ఫీజు లక్షన్నర. నైట్ డ్యూటీలు కూడా ఉండవట. రెండింటిలో ఏది మంచిది?

జవాబు: మాస్టారూ, మీ అసలు బెంగ ఆ నైట్ డ్యూటీల దగ్గరే ఉంది. నలుగురూ ఏమంటారో, రేపు సంబంధాలు ఎలా వస్తాయో అని. ఆడపిల్లల తల్లిదండ్రులు చాలామంది ఇదే అడుగుతారు, కోర్సు పేరే మారుతుంది. నాలుగేళ్లు చదివించి, తీరా రిజిస్ట్రేషన్ చేతికొచ్చే వేళకి పిల్లను వార్డు నుంచి తప్పించాలని చూడటం నాకు నచ్చలేదు. అమ్మాయి ఏమంటోందో మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, అది ఇంకా నచ్చలేదు. పైగా ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ రాత్రిళ్లు పడుకోదు కదా, అది చూసుకునేవాళ్లకీ షిఫ్టులుంటాయి.

రికార్డులు కంప్యూటర్లోకి వెళ్తున్న మాట నిజం. కేంద్రం 2013లోనే వీటికి ప్రమాణాలు ఇచ్చి 2016లో సవరించింది, 2021లో ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో కలిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది, దాని గుర్తింపు సంఖ్య అయిన 14 అంకెల ఆభా నంబరు మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. మరి వార్డుల్లో రిజిస్టర్లు ఎందుకు పోలేదు? సాఫ్ట్‌వేర్ కొనేది ఒకరు, వాడాల్సింది మరొకరు. దీనివల్ల నా పనికి ఏం లాభం, వాడటం తేలికేనా అన్న రెండు ప్రశ్నలే మనుషులు కొత్త పరికరాన్ని వాడతారో లేదో తేలుస్తాయని ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు 1989లోనే చెప్పాడు. నర్సు బీపీ చూసి కేస్ షీట్లో రాసి, రిజిస్టర్లో ఎక్కించి, మళ్లీ కంప్యూటర్లో కొట్టాలంటే ఎలా? వార్డు నిండా పేషెంట్లుంటే డ్యూటీ దిగే ముందు అన్నీ ఒకేసారి ఎక్కిస్తుంది, పొద్దున చూసిన బీపీ మధ్యాహ్నం టైముతో పడుతుంది. మధ్యలో నెట్ పోతుంది. ఒకరి పాస్‌వర్డ్‌తో నలుగురూ వాడతారు, రేపు తప్పు జరిగితే ఎవరి మీదకి వస్తుందోనని టెన్షన్. డాక్టర్లు విసుక్కోవడమూ బద్ధకంతో కాదు. రోగితో గడిపే ప్రతి గంటకీ దాదాపు 2 గంటలు కంప్యూటర్, కాగితాల పనికే పోతోందని అమెరికాలో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది.

ఇవన్నీ వార్డులో నిలబడి పనిచేసిన మనిషికే అర్థమవుతాయి. అందుకే నర్సు అనుభవం లేకుండా ఆ ఆరు నెలల సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వెళ్తే డేటా ఎంట్రీ సీటే దొరుకుతుందని నా భయం. మన దగ్గరి పేషెంట్లు ప్లాస్టిక్ సంచిలో కాగితాలు, ఎక్స్‌రేలు పట్టుకుని విశాఖ వెళ్తుంటారు, మీరూ చూసే ఉంటారు. ఒక చీటీలో సూర్యనారాయణ, ఇంకో చీటీలో సుర్జ్యనారాయణ. ఇద్దరూ ఒకరేనని పోల్చుకోవడానికి తెలుగూ ఒడియా రెండూ వచ్చిన మీ అమ్మాయిలాంటి నర్సే కావాలి. తనకేం ఢోకా లేదు, నిశ్చింతగా ఉండండి.

ఆ రంగమే దండగ అనడం లేదు. ఈ రికార్డుల నిర్వహణను, అంటే హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్‌ని, 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కూడా గుర్తించింది. రెండేళ్లు వార్డులో చేశాక ఇష్టముంటే అటు వెళ్లొచ్చు, అప్పుడు మిగతా నర్సులకి సాఫ్ట్‌వేర్ నేర్పే మనిషిగా వెళ్తుంది. ఈలోగా ఆ సంస్థవాళ్లని ఏ ఆస్పత్రిలో ట్రైనింగ్ ఇప్పిస్తారో, పాత విద్యార్థులు ఎక్కడ పనిచేస్తున్నారో అడగండి, నీళ్లు నమిలితే లక్షన్నర మీ దగ్గరే ఉంచుకోండి. అమ్మాయికి వార్డులో ఏ పని నచ్చిందో కనుక్కుని నాకు రాయండి, కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడదాం.