కోహినూరు మెరవలేదేం? 1851 లండన్ ప్రదర్శన మీద మీ ప్రశ్నలు

1851 మే 1 నుంచి అక్టోబరు దాకా లండన్ హైడ్ పార్కులో గ్రేట్ ఎగ్జిబిషన్ జరిగింది. దేశదేశాల సరుకులూ యంత్రాలూ ఒకే కప్పు కింద చేర్చిన తొలి అంతర్జాతీయ ప్రదర్శన అది. ఆ కప్పు గాజుది, భవనం పేరు క్రిస్టల్ ప్యాలెస్. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కోహినూరు గురించే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

మన కొల్లూరు వజ్రం అని గొప్పగా చెప్పుకుంటాం. అక్కడి జనం మాత్రం చూసి పెదవి విరిచారట. అంత వజ్రం మెరవకపోవడమేమిటి? (ఒక పాఠకురాలు, తెనాలి)

ముందు కొల్లూరు మాట. పల్నాడు సీమలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఆ గనిలోనే దొరికిందని చాలామంది నమ్మకం. తవ్వి తీసిన నాటి రాతపూర్వక ఆధారం మాత్రం లేదు. 1849లో లాహోరు ఒప్పందం కింద పంజాబు సిక్కు మహారాజు, పదేళ్ల దులీప్ సింగ్ దగ్గర్నుంచి ఈస్టిండియా కంపెనీ దాన్ని తీసుకోవడం, 1850 జులై 3న విక్టోరియా రాణికి అప్పగించడం కాగితాల మీద ఉన్న సంగతులు.

రాయిలో లోపమేమీ లేదు. లోపం కోతలోనూ, పెట్టిన చోటి వెలుతురులోనూ ఉంది. మొగలాయి పద్ధతిలో రాయి బరువు పోకుండా పైపైన పట్టాలు (చదునైన ముఖాలు) దిద్దేవారు. అడుగు వెడల్పుగా, చదునుగా ఉండిపోయేది. పైనుంచి వజ్రంలోకి దిగిన కిరణం వెనుక పట్టాకు వాలుగా తగలాలి. పట్టాకు నిటారుగా గీసిన గీతతో 24 డిగ్రీలకు మించి వాలు ఉంటేనే అది పూర్తిగా వెనక్కి తిరిగి మన కంటికి చేరుతుంది. అడుగు చదునుగా ఉంటే కిరణం దాదాపు నిటారుగా తగిలి, సూటిగా అవతలికి పోతుంది. కింద పరిచిన గుడ్డకు వెలుగు దక్కుతుంది, చూసేవాడికి గాజుపెంకు దక్కుతుంది.

రెండో ఇబ్బంది భవనానిది. నాలుగు వైపులా, నెత్తిమీదా గాజే. అన్ని దిక్కుల నుంచీ ఒకేలా పరుచుకున్న పగటి వెలుతురులో ఏ వజ్రమూ మెరవదు. మెరుపు పుట్టాలంటే చుట్టూ చీకటి, అందులో చుక్కల్లాంటి దీపాలు ఉండాలి. నేటికీ నగల దుకాణంలో వజ్రాల అరల మీద చిన్న చిన్న స్పాట్ లైట్లు పెట్టేది ఇందుకే.

తాళాలు తయారుచేసే చబ్ కంపెనీ చేసిన పెద్ద పక్షి పంజరం లాంటి ఇనప కటకటాల్లో రాయిని ఉంచారు. పంజరానికి బంగారు పూత. రాత్రి కాగానే రాయి కిందనున్న ఇనప్పెట్టెలోకి దిగిపోయేలా ఏర్పాటు చేశారు. జనం గొణుగుడు భరించలేక నిర్వాహకులు తర్వాత చుట్టూ గుడ్డ కట్టి చీకటి చేసి, గ్యాసు దీపాలు, అద్దాలు పెట్టారు. కొంత మెరిసింది. వేసవిలో, గాలాడని గుడారంలో, గ్యాసు మంటల పక్కన నిలబడ్డవాళ్లకు చెమటలు మాత్రం ధారగా కారాయి.

కోత మార్చింది 1852లో. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన కోస్టర్ సంస్థ పనివాళ్లు ఆవిరి యంత్రంతో తిరిగే సాన మీద 38 రోజులు పనిచేశారు. ఇక్కడ ఒక లెక్క సరిచేసుకోండి. 186 క్యారెట్లు కాస్తా 105.6 అయిందని చాలాచోట్ల రాస్తుంటారు. 186 పాత ఇంగ్లీషు క్యారెట్లు, 105.6 నేటి మెట్రిక్ క్యారెట్లు. పాత బరువును మెట్రిక్‌లోకి మారిస్తే 191 వస్తుంది. పోయింది 85 క్యారెట్ల పైచిలుకు, అంటే రాయిలో నూటికి 45 వంతులు.

టిక్కెట్టు ఎంత? పేదవాళ్లు వెళ్లగలిగారా? (ఒక విద్యార్థి, వరంగల్)

రోజును బట్టి రేటు. మొదటి రోజు సీజన్ టిక్కెట్టున్నవారికే ప్రవేశం: మగవారికి 3 గినీలు (గినీ అంటే 21 షిల్లింగులు), ఆడవారికి 2. తర్వాత రెండు రోజులు ఒక పౌండు, ఆపైన 5 షిల్లింగులు. మే 26 నుంచి సోమవారం మొదలు గురువారం దాకా ఒక్క షిల్లింగు, శుక్రవారం రెండున్నర, శనివారం 5. ఆదివారం సెలవు. మన లెక్కలో అప్పటి షిల్లింగు సుమారు ఎనిమిది అణాలు. ఇంగ్లండులో వ్యవసాయ కూలీకి వారానికి వచ్చేది తొమ్మిది, పది షిల్లింగులు. షిల్లింగు టిక్కెట్టుకే రోజు కూలీలో సగానికి పైగా పోతుంది, పైగా రైలు ఖర్చు వేరే. అందుకే ఊళ్లలో క్లబ్బులు పెట్టి వారం వారం పెన్నీలు జమచేసుకున్నారు. విహారయాత్రల వ్యాపారి థామస్ కుక్ చవక రైళ్లు నడిపి లక్షన్నర మందిని తీసుకొచ్చాడు.

మొత్తం ప్రవేశాలు 60 లక్షల పైమాట. ఇది మనుషుల సంఖ్య కాదు. సీజన్ టిక్కెట్టుతో ముప్ఫైసార్లు వచ్చినవాడు ముప్ఫైగానే పడ్డాడు.

అంత గాజు భవనాన్ని నెలల్లో ఎలా లేపారు? వాన కారలేదా? (ఒక సివిల్ ఇంజనీరు, హైదరాబాదు)

కారింది. గాజు పలకల అంచున పుట్టీ ఎక్కడ సరిగా కూర్చోలేదో అక్కడ తొలి రోజుల్లో చుక్కలు పడ్డాయి. కానీ నీటి పారుదల ఆలోచన మాత్రం చాలా తెలివైనది. జోసెఫ్ పాక్స్‌టన్ తోటల నిపుణుడు, మొక్కలకు గాజుగదులు కట్టిన అనుభవం ఉన్నవాడు. కప్పును చిన్న చిన్న గట్లూ చాళ్లుగా మడిచాడు. చాలులో పడిన నీరు చెక్కకాలువలోకి, అక్కడి నుంచి బోలు ఇనప స్తంభాల గుండా భూమిలోకి పోతుంది. స్తంభమే పైపు. చెక్కకాలువలో పైన ఒక గాడి వాన నీటికి, లోపలి వైపు రెండు పక్కల గాడులు గాజుకు పట్టే చెమట నీటికి. ఈ రెండో సంగతి మరిచిన గాజుకప్పుల కింద ఎండరోజు కూడా చుక్కలు పడతాయి, కప్పు కారుతోందని మేస్త్రీని తిడతారు.

వేగానికి కారణం కొలత. అప్పట్లో తేలిగ్గా తయారయ్యే పెద్ద గాజుపలక 49 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు. దాన్ని బట్టే దూలం, స్తంభం, దూరం అన్నీ తేల్చి, స్తంభాలను 24 అడుగుల గుణిజాల్లో నిలబెట్టారు. ఒకే రకం ముక్కలు కాబట్టి ఏ ముక్క ఎక్కడైనా సరిపోతుంది. దాదాపు 2 లక్షల 94 వేల పలకలు బిగించారు. చెక్కకాలువల అంచుల మీద చక్రాలతో దొర్లే బండ్లలో కూర్చుని, వెనక్కి జరుగుతూ పలకలు అమర్చుకుంటూ పోయారు. తొలి స్తంభం 1850 సెప్టెంబరు 26న లేచింది, ప్రారంభం మే 1న.

పై అంతస్తు జనం బరువుకు ఆగదని భయపడ్డవాళ్లు ఉన్నారు. సైనికుల చేత కవాతు చేయించి, చట్రాల్లో ఫిరంగిగుండ్లు పెట్టి దొర్లించి చూశాకే తలుపులు తీశారు.

నేలపలకల మధ్య అర అంగుళం సందు వదిలారు, దుమ్ము కిందికి రాలేందుకు. ఊడ్చే యంత్రాలు వాడదామనుకున్నారు గానీ, ఆడవారి పొడవాటి గౌన్లే ఆ పని చేసిపెట్టాయి.

తాళాల పందెం సంగతేమిటి? (ఒక పాఠకుడు, విజయనగరం)

ఆ వేసవిలో కోహినూరు కంటే బ్రిటిష్ వ్యాపారులను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఏ.సీ. హాబ్స్ అనే అమెరికన్, చబ్ కంపెనీ ‘డిటెక్టర్’ తాళాన్ని తాళంచెవి లేకుండా 25 నిమిషాల్లో తీశాడు. కోహినూరుకు పంజరం చేసిన చబ్ కంపెనీయే. ఆ తాళంలో మీటలుంటాయి. దొంగ ఏదైనా మీటను మోతాదు మించి ఎత్తితే లోపలి కొక్కెం బిగుసుకుని యజమానికి పట్టిస్తుంది. హాబ్స్ గడియ మీద కొద్దిగా ఒత్తిడి ఉంచి, ఏ మీట పట్టేస్తోందో వేలికి తెలిసేలా ఒక్కొక్కటే ఎత్తుకుంటూ పోయాడు. కొక్కెం బిగుసుకుంటే అది కూడా అతనికి సమాచారమే: ఫలానా మీట ఎక్కువైంది అని. తర్వాత 200 గినీల పందెం ఉన్న బ్రామా తాళాన్నీ తీశాడు. దానికి 16 రోజుల్లో 51 గంటలు పట్టింది.

మన సరుకులు ఏమైనా పోయాయా? (ఒక చేనేత కుటుంబం, కొత్తవాడ, వరంగల్)

మీ ఊరిదే పోయింది. వరంగల్ పట్టు తివాచీ ఒకటి అక్కడ నిపుణుల మెప్పు పొందింది. చదరపు అడుగుకు 12 వేల ముడులని రాశారు, అంటే చదరపు అంగుళానికి 83. ఇరాన్ మేలురకాలు అంతకు మించే ఉంటాయి, కాబట్టి మెప్పు ఒక్క ముడుల లెక్కకే కాదు, రంగుల పొందికకు కూడా.

భారతీయ విభాగంలో అందరూ మూగింది అంబారీ ఎత్తిన ఏనుగు దగ్గర. అంబారీ ముర్షిదాబాదు నవాబు పంపింది. ఏనుగు దొరక్క ఎసెక్స్‌లోని సాఫ్రన్ వాల్డెన్ మ్యూజియం నుంచి గడ్డి కూరిన ఏనుగును తెచ్చారు. అది ఆఫ్రికా ఏనుగు. చెవులు చూస్తే మన పల్లెటూరి పిల్లవాడైనా పట్టేసేవాడు.

తిండి, మరుగుదొడ్లు? (ఒక గృహిణి, నెల్లూరు)

మద్యం నిషేధం. ష్వెప్స్ కంపెనీ కాంట్రాక్టు తీసుకుని సోడా, నిమ్మ, అల్లం పానీయాలు పది లక్షల సీసాల పైన అమ్మింది. బాత్ బన్నులనే తీపి బన్నులు 9 లక్షల 34 వేలు పోయాయి. జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన నీటి మరుగుదొడ్లకు పెన్నీ రుసుము, 8 లక్షల 27 వేల మంది చెల్లించారు.

లండన్‌లో ఉంటున్నాం. ఇప్పుడు చూడ్డానికి ఏం మిగిలింది? (ఒక ప్రవాస జంట)

హైడ్ పార్కులో భవనం లేదు. విప్పి సిడెన్‌హామ్‌లో మరింత పెద్దగా కట్టారు, 1936 నవంబరు 30 రాత్రి కాలిపోయింది. ప్రదర్శన కోసం పోత పోసిన కోల్‌బ్రూక్‌డేల్ ఇనప గేట్లు ఆల్బర్ట్ స్మారకం దగ్గర్లో నేటికీ ఉన్నాయి. లాభం సుమారు 1,86,000 పౌండ్లు, దాంతో కొన్న నేల మీదే సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియాలు లేచాయి. కోహినూరు లండన్ టవర్‌లో ఉంది. అక్కడ కదిలే పట్టీ మీద నిలబడి చూడాలి కాబట్టి ఒక్కసారికి తృప్తి తీరదు. జనం పలచగా ఉన్న పూట వెళితే చుట్టు తిరిగి మళ్లీ ఎక్కవచ్చు.