ముసలాయన సముద్రంలో పడేసిన రాయి

ప్రశ్న: అక్కా నమస్తే, మాది గోపాల్‌పూర్ పక్కన వేటకెళ్లేవాళ్ల ఊరు. మా పాప బరంపురం కాలేజీ లైబ్రరీ నుంచి ‘ద వేల్ రైడర్’ అని చిన్న ఇంగ్లీషు నవల తెచ్చింది, న్యూజిలాండ్‌లో మొదట్నుంచీ ఉన్న మావోరీ జనాల కథంట, సగం దాకా నాకు తెలుగులో చెప్పింది. ఒకచోటేమో ఎవరో మూలపురుషుడు తిమింగలం ఎక్కి సముద్రం దాటొస్తాడు, ఇంకోచోట కుర్రాళ్లు మోటార్ సైకిళ్లేసుకుని తిరుగుతుంటారు. ఇది పురాణమా, ఇప్పటి కథా? అది చదివిన కాణ్ణుంచి నన్నూ బోటెక్కించు అని తాతతో రోజూ గొడవ.
– ఒక తల్లి, గంజాం జిల్లా

జవాబు: రెండూనమ్మా. మీ ఇంట్లో పెద్దాయన్నే చూడు, జీపీఎస్ పట్టుకునే వేటకి వెళ్తాడు, కానీ గంగమ్మకి కొబ్బరికాయ కొట్టకుండా కొత్త బోటు నీళ్లలోకి దింపుతాడా? మరి ఆయన ఏ కాలం మనిషి!

రాసినాయన విటి ఇహిమేరా, తనూ మావోరీయే, పుస్తకం 1987లో వచ్చింది. సినిమాల్లో ఎప్పుడూ మగపిల్లాడే హీరో ఏంటని కూతురు అడగడం కూడా దీనికో కారణమని చెప్పుకున్నాడు. కథ జరిగే ఫంగరా నిజంగా ఉన్న ఊరే, అక్కడి సభామందిరం కప్పు మీద తిమింగలం ఎక్కిన పైకేయా బొమ్మ ఉంటుంది, మీ పాప చెప్పిన మూలపురుషుడు ఆయనే, ఆ ఊరోళ్లకి ఆయన కథలో మనిషి కాదు, తాతముత్తాతల్లో ఒకాయన.

నాకు మాత్రం ముత్తాత కోరో పాత్రే నచ్చింది. మొండోడు, కానీ చెడ్డోడు కాదు. వంశానికి పెద్దగా మగపిల్లాడే కావాలంటాడు, పుట్టిందేమో కహు అనే ఆడపిల్ల, పైగా దానికి ఆ మూలపురుషుడికున్న ఇంకో పేరే పెట్టారని మండిపడతాడు. అది తాతా తాతా అని వెంటపడుతుంటే పో అంటాడు, చదువుతుంటే మనకే ఉక్రోషం వస్తుంది. ఆయన పెళ్లాం ముసలమ్మ ఉంది చూడు, ఫ్లవర్స్, ఎప్పుడూ విడాకులిచ్చేస్తా అని బెదిరిస్తూ ఉంటుంది, ఆవిడే ఆయనకి తెలీకుండా పిల్ల బొడ్డుతాడు ఆ ఊరి మట్టిలో పాతిపెట్టిస్తుంది. తన తర్వాత పెద్ద ఎవరో తేల్చుకోవడానికి ఆయన ఓ రాయి సముద్రంలో పడేసి తెమ్మంటే మగపిల్లలెవరికీ చేతకాదు, తర్వాత కహు మునిగి తెచ్చేస్తుంది, ముసలమ్మ దాన్ని దాచేస్తుంది, అదీ ఆయనకి చెప్పదు!

తర్వాత 200 తిమింగలాలు ఒడ్డుకొచ్చి పడతాయి. ఇది కల్పన అనుకోకు, 2017లో న్యూజిలాండ్‌లోనే ఫేర్‌వెల్ స్పిట్ దగ్గర 400కి పైగా అలాగే కొట్టుకొచ్చాయి. మన గంజాంలో రుషికుల్య నది సముద్రంలో కలిసేచోట తాబేళ్లు గుంపులుగా ఒడ్డెక్కేది గుడ్లు పెట్టడానికి, అవి మళ్లీ నీళ్లలోకి పోతాయి, తిమింగలం ఒడ్డున పడితే దాని ఒళ్లు బరువే దాన్ని నలిపేస్తుంది. 2002లో సినిమా కూడా వచ్చింది, బాగుంటుంది, కాకపోతే అందులో ముత్తాతని తాతని చేసేశారు, పుస్తకంలో కథ చెప్పే బాబాయి అందులో చెప్పడు. ముందు పుస్తకమే కానివ్వండి.

బోటు సంగతి నేను తీర్పు చెప్పేది కాదు, ఆ సముద్రం ఆయనకి తెలిసినంత నాకేం తెలుసు. ఓ పని చెయ్యి, వేట లేని రోజు ఆయన వల బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు పాపని పక్కన కూర్చుని తెలుగులో చెప్పమను, రాయి తెచ్చేచోట ఆపెయ్యమను. తర్వాతేమైందే అని ఆయనే అడుగుతాడు.