మొక్క లేని చోట మామగారు పోసే రెండు చెంబుల నీళ్లు

రాజోలు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కాస్త కుదించి:

"అత్తగారు పోయి ఏడు నెలలైంది. ఇంట్లో మా ఆయన, మామగారు, నేను, అత్తగారు పెంచిన కుక్క టామీ ఉంటాం. ప్రహరీ పక్కన ఆవిడ వేసిన కనకాంబరాలు ముదిరిపోయాయని రెండు నెలల కిందట పీకించేసి, కడియం నుంచి పది గులాబీలు తెచ్చి కుండీల్లో పెట్టాను. మామగారు ఎండైనా వానైనా రెండు పూటలా అన్నిటికీ నీళ్లు పోస్తారు. మొక్కే లేని ప్రహరీ మూల కూడా రెండు చెంబులు కుమ్మరిస్తారు. టామీ ఆ తడిమట్టినీ నా కుండీలనీ తవ్వి వరండా అంతా బురద చేస్తోంది. ఆముదం పిండి వేసినా గులాబీ ఆకులు పండి రాలిపోతున్నాయి. విసుగొచ్చి మామగారితో మాటలు తగ్గించేశాను. కుట్టుపని మీద యాభై వేలు దాచుకున్నాను. పూలకీ టామీకీ ఫొటోలు తీయడానికి ఏ కెమెరా కొనమంటారు? ఫోను చాలదా అంటారు మా ఆయన."

అమ్మా, అన్నిటికన్నా ముందు ఆముదం పిండి. అది కుక్కలకి విషం. వాసనకి ఇష్టంగా తవ్వుకుని మరీ తింటాయి. ఈరోజే కుండీల్లో పైన రెండు మూడు అంగుళాల మట్టి తీసేసి కుక్కకి అందని చోట లోతుగా పూడ్చండి. మిగిలిన సంచీ ఇంట్లో ఉంచకండి. టామీ వాంతులు చేసుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తిండి మానేసి నీరసపడినా తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏం తిన్నదో చెప్పండి. ఎరువుకి వేపపిండి గుప్పెడు చాలు. ఎముకల పొడి, చేపల వ్యర్థం కూడా వద్దు. వాటి కోసం కూడా తవ్వుతుంది.

ఇక కెమెరా. అది మీ డబ్బు, మీరు కుట్టి సంపాదించింది. మీ ఆయనకి చెప్పండి, ఆయన్ని అడగక్కర్లేదు. కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి కెమెరా కాదు, మామగారు.

ఆ ప్రహరీ మూల సంగతే ఆలోచించండి. కనకాంబరం కాయ ఎండాక నీళ్లు తగిలితే టప్పున పేలి గింజల్ని చుట్టూ విసురుతుంది. ముదిరిన మొక్కలంటున్నారు కాబట్టి వాటి గింజలు ఆ మట్టిలో పడే ఉంటాయి. భార్య చేత్తో వేసిన మొక్క మళ్లీ లేస్తుందేమోనని ఆయన ఆ మూల తడుపుతున్నారని నాకనిపిస్తోంది. మీకు అది ఖాళీ జాగా. టామీకి ఎండలో చల్లగా పడుకునే తడి గుంట. పైగా ఆవిడ కూర్చుని పూలు కోసిన చోటు. ముగ్గురూ ఒకే మట్టి చుట్టూ తిరుగుతున్నారు, ఒకరికొకరు మాత్రం చెప్పుకోవడం లేదు.

మాసికాలు జరుగుతుండగానే, సంవత్సరీకం కాకముందే, పోయినావిడ మొక్కల్ని ఆయన్నొక మాట అడగకుండా పీకించడం తప్పు. ముదిరితే కొమ్మలు కత్తిరించుకోవచ్చు, పీకించక్కర్లేదు. మీరు పగతో చేశారని అనను, పెరడు బాగుచేద్దామనే చేసి ఉంటారు. కానీ ఆ తర్వాత మాటలు తగ్గించుకోవడం మీకు తగని పని. కోడలు పలకరించని ఇంట్లో పెద్దాయన చెంబు పట్టుకుని పెరట్లోకి పోక ఇంకెక్కడికి పోతారు? మీ ఆయన్ని మధ్యవర్తిగా పెట్టకండి. పొద్దున్నే కాఫీ మీరే తీసుకెళ్లి ఇచ్చి, "మిమ్మల్ని అడక్కుండా పీకించాను మావయ్యగారూ, తప్పే" అని ఆ ఒక్క మాటా చెప్పండి. దానికి కారణాలు జోడించకండి.

నీళ్లు పోయొద్దని ఆయన చేతిలో చెంబు లాక్కోకండి, కొలత చెప్పండి. కుండీ మట్టిలోకి చూపుడువేలు రెండు కణుపుల దాకా దింపితే పొడిగా తగలాలి. అప్పుడే నీళ్లు, అదీ అడుగు చిల్లులోంచి కారేదాకా. తడి తగిలితే ఆ పూట మానేయాలి. కడియం గులాబీ బంకమట్టి ముద్దతో వస్తుంది. ఆ ముద్దని అలాగే పాతేస్తే మధ్యలో నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. ఆకులు రాలడానికి అదే కారణం అయ్యుంటుంది. బాగా దెబ్బతిన్న మొక్కని తీసి, ముద్దని బక్కెట్లో నానబెట్టి సగం మట్టి మెల్లగా వదిలించి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి నాటండి. మీ వైపు పొట్టుకి కరువు లేదు గానీ పచ్చిది వాడకండి. దాని ఉప్పు వేరుని కాలుస్తుంది. టీ రంగు నీళ్లు దిగడం ఆగేదాకా మూడు నాలుగుసార్లు నానబెట్టి పిండండి. అడుగు చిల్లు మీద పెంకు ముక్క బోర్లించండి. అంటు కట్టిన బుడిపె మట్టికి పైనే ఉండాలి. దాని కిందనుంచి లేచే చిగురు అడవి గులాబీది, తుంచేయండి.

టామీకి నీడలో మూడడుగుల చదరం ఇసక గుంట ఒకటి తవ్వి, రోజూ కాస్త తడపండి. అందులో దాని బిస్కెట్లు రెండు మూడు పూడ్చి చూపిస్తే అదే దాని జాగా అని తెలుసుకుంటుంది. ప్రహరీ మూలకి కోడి జాలీ అడ్డం కట్టండి. రోజూ సాయంత్రం అరగంట కాలవగట్టు మీద నడిపిస్తే సగం తవ్వుడు ఆగుతుంది. ఆ నడక మామగారికే అప్పగించండి. ఆయనకీ దానికీ ఇద్దరికీ అవసరం.

ఏ కెమెరా అన్నారు కాబట్టి చెప్తున్నాను: కిట్ లెన్సుతో (కెమెరాతో పాటే ఇచ్చే లెన్సు) వచ్చే, లోపల అద్దం లేని చిన్న మిర్రర్‌లెస్ కెమెరా మీ డబ్బులో చూడండి. కంపెనీ పేరు కన్నా లెన్సు ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందో చూసి కొనండి, పావు మీటరు లోపైతే పూలకి బాగుంటుంది. పాత లెన్సైతే వెనకనుంచి టార్చి వేసి చూడండి, సాలీడు దారాల్లా కనిపిస్తే అది బూజు, వద్దనేయండి. మన తేమకి కొత్తదానికీ బూజు పడుతుంది. బీరువాలో చీరల మధ్య దాచకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పరిగెత్తే టామీకి షట్టర్ వేగం 1/500 సెకను కన్నా నెమ్మది కానివ్వకండి.

కనకాంబరం సంగతి ఇంకొక్కటి. నాటు రకమైతే ప్రహరీ మూల ఎదురెదురు ఆకులతో మొలకలు రావచ్చు, రోజూ వంగి చూడండి, కలుపని పీకేయకండి. ఢిల్లీ కనకాంబరమైతే గింజ కట్టదు, ఎన్ని చెంబులు పోసినా మొలవదు. అప్పుడు కొమ్మే కావాలి. మీ అత్తగారు ఆ వీధిలో ఎవరికైనా ఇచ్చే ఉంటారు. ఎవరింట్లో ఉందో మామగారికి తెలుస్తుంది. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి, నాలుగైదు అంగుళాల చివరి కొమ్మలు పది అడిగి తెచ్చుకోండి. కింది ఆకులు తీసి తడి ఇసకలో గుచ్చి నీడలో పెడితే నెలలోపు వేరు పడుతుంది. వేరు పడ్డాక ఆ మూలలో ఆయన చేతే నాటించండి.