నెమోసినీ చేతిలో పుస్తకమెందుకు?

తమ్ముడూ,

నీ కథ చదివాను. నిద్రలో పాడుకునే ఆఖరి కూతురు బాగుంది. మిగతాది చిరాకు తెప్పించింది. గ్రీకుల జ్ఞాపకాల దేవతను దుమ్ము పట్టిన లైబ్రరీలో కూర్చోబెట్టి, కళ్లద్దాలు తగిలించి, పేజీలు తిప్పిస్తూ ఏడిపించావు. ఆవిడకు పుస్తకాలతో ఏం పనయ్యా? భూమికీ ఆకాశానికీ పుట్టిన టైటాన్ నెమోసినీ, నోటితో పాడేవాళ్ల దేవత. గ్రీకు కవి హీసియడ్ ఏమన్నాడో చూడు: పియేరియాలో దేవతల రాజు జ్యూస్‌తో తొమ్మిది రాత్రులు గడిపి తొమ్మిదిమంది మ్యూజ్‌లను, అంటే పాటకూ కవిత్వానికీ దేవతలైన కూతుళ్లను, కన్నదట, మనుషులు కష్టాలు మరిచిపోవడానికి! జ్ఞాపకం కడుపున మరుపు పుట్టింది. కథంతా అక్కడుంటే నువ్వు దాటేసి వెళ్లిపోయావు.

గ్రీసులోని లెబడియా సంగతి చదివావా? అక్కడ జోస్యం చెప్పే ట్రోఫోనియస్ గుహలోకి ప్రశ్న అడగడానికి దిగేవాళ్లకు ముందు లీథీ నీళ్లు, అంటే మరుపు నీళ్లు, తాగించేవారు, అప్పటిదాకా బుర్రలో ఉన్నదంతా పోవాలని. ఆ తర్వాతే నెమోసినీ నీళ్లు, కింద చూసింది గుర్తుండాలని. పైకొచ్చాక, భయంతో ఒళ్లు తెలియని ఆ మనిషిని నెమోసినీ ఆసనం మీద కూర్చోబెట్టి ఏం చూశావు, ఏం విన్నావు అని పూజారులు అడిగేవారు. చూసిందీ విన్నదీ పలక మీద రాసి సమర్పించాలి కూడా. నవ్వు మాత్రం కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేదట. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు యాత్రికుడు పౌసేనియస్ ఇదంతా రాశాడు, ఎవరో చెప్పగా విని కాదు, తనే దిగాడు.

రాయడానికి నాకు తెలిసిన వరుస ఇదే, ముందు లీథీ. నా మొదటిరోజుల్లో ఒక వారపత్రిక ఎడిటర్‌గారు కథ తిప్పి పంపుతూ "మీ ఊళ్లో చెరువు, మామిడితోట, అమ్మమ్మ లేవా?" అని రాశారు. అప్పుడదే ఫ్యాషన్, ఇప్పుడు ఫేస్‌బుక్‌లో ఇంకా ముదిరింది, గుర్తొచ్చిందల్లా సాహిత్యమే! మా నాన్న పోయిన సంగతి రాద్దామని కూర్చుంటే ఆస్పత్రి బిల్లు అంకెలతో సహా అన్నీ గుర్తొచ్చేవి, కథ మాత్రం వచ్చేది కాదు. విసుగెత్తి కొన్నేళ్లు దాని జోలికే పోలేదు. చివరికి మిగిలిందల్లా గుమ్మం పక్కన ఆయన చెప్పులు, ఎప్పుడూ ఎడమది జానెడు ముందుకు. కథ ఆ జానెడు మీదే నిలబడింది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, అవి తర్వాత. లైబ్రరీ మొత్తం కొట్టేసి, ఆ ఆసనం మీద వణుకుతున్నవాడి దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఈసారి ఫాంట్ కాస్త పెద్దది పెట్టు, నా చూపు అంతంతమాత్రం.